పగడాలు చచ్చినా చేపలు గుంపులుగా ఉన్నాయంటే అర్థమేంటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పోయినేడాది స్నార్కెలింగ్‌కి వెళ్తే పగడాలన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి, ఈ ఏడాది అదే చోట గోధుమరంగు పాచి పట్టి ఉన్నాయి, కానీ చేపలు మాత్రం గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి, ఇంకా ఎక్కువే అనిపించాయి. మరి సముద్రం వేడెక్కితే చేపలకు ముప్పు అనేది గోరంతను కొండంత చేసి చెబుతున్నారా? తీరంలో ఉండే మడ అడవులకు, సముద్రపు గడ్డికి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

ముందు ఒక మాట, మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు. మీరు చూసినవి నిజంగానే ఎక్కువ చేపలు అయి ఉండొచ్చు. నేను చాలా ఏళ్లు చేసిన పని ఇదే, నీళ్ల అడుగున 50 మీటర్ల టేపు పరిచి, దాని వెంటే నెమ్మదిగా ఈదుతూ, ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో ఏ చేప ఎన్ని అని గీతలు గీసుకోవడం. మొదట్లో ఒకసారి, పగడాలు తెల్లబడ్డ ఏడాది తర్వాత అదే టేపు మీద లెక్క వేస్తే మొత్తం సంఖ్య అంతకుముందు కన్నా ఎక్కువ వచ్చింది. సంతోషంగా తీసుకెళ్లి నాకు పని నేర్పిన పెద్దాయనకు చూపించాను. ఆయన పలక అటూ ఇటూ తిప్పి ఒకటే అడిగారు, "వీటిలో నీ వేలంత లేనివి ఎన్ని?" అని. నేను అవి విడిగా రాయనే లేదు. "అయితే నువ్వు లెక్కపెట్టింది ముసలివాళ్లని" అన్నారాయన. మీ ప్రశ్నకు నా జవాబు చాలావరకు ఆ మాటలోనే ఉంది, మిగతాదంతా దాని వివరం.

పగడం తెల్లబడటం అంటే ఏంటో క్లుప్తంగా చెబుతాను, ఇది చాలామందికి తెలిసిందే. పగడం ఒక జంతువు. దాని ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచుకణాలు కాపురం ఉంటాయి, ఎండతో తిండి వండి పగడానికి పెడతాయి. పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా అలా వచ్చేదే, ఆ రంగు కూడా ఎక్కువగా వాటిదే. అక్కడి వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కన్నా ఒక డిగ్రీ ఎక్కువై అలాగే కొన్ని వారాలు నిలబడితే ఈ కాపురం చెడుతుంది, పగడం వాటిని బయటికి గెంటేస్తుంది. అమెరికాలో సముద్రాన్ని, వాతావరణాన్ని గమనించే నోవా అనే ప్రభుత్వ సంస్థ దీన్ని కొలవడానికి ఒక లెక్క పెట్టుకుంది, ఒక డిగ్రీ ఎక్కువ వేడి ఒక వారం ఉంటే ఒకటి అని. అది 4కి చేరితే చెప్పుకోదగ్గ బ్లీచింగ్, అంటే ఈ తెల్లబడటం, మొదలవుతుందని, 8 దాటితే చావులు మొదలవుతాయని అంచనా. తెల్లబడ్డ పగడం ఇంకా చావలేదు, ఆకలితో ఉంది, అంతే. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. మీరు చూసిన గోధుమరంగు పాచి మాత్రం వేరే కబురు. తెల్లటి అస్థిపంజరం మీద నాచు పట్టిందంటే అక్కడ పగడం పోయినట్టే. కొన్ని పగడాలకు ఆరోగ్యంగా ఉన్నప్పుడే గోధుమరంగు ఉంటుంది కాబట్టి దూరం నుంచి పొరబడే అవకాశం ఉంది. దగ్గరికి వెళ్లి చూడండి, బూజులా, వెంట్రుకల్లా నీళ్లలో కదులుతుంటే నాచు.

ఇప్పుడు అసలు సంగతి. పగడం చచ్చిన రోజు చేపకు ఏమీ అవదు. ఎందుకంటే చాలా చేపలకు పగడం తిండి కాదు, ఇల్లు. ఇంటి యజమాని పోయినా గోడలు నిలబడే ఉన్నాయి కదా. కొమ్మలు కొమ్మలుగా ఉండే పగడం చచ్చాక కూడా కొన్నేళ్లు అలాగే నిలబడుతుంది, ఈలోపు దాన్ని లోపలి నుంచి తొలిచే స్పాంజ్‌లు, పురుగులు, పైనుంచి గీకే సీ అర్చిన్లు అనే ముళ్ల బంతిలాంటి జీవులు పని మొదలుపెడతాయి. ఒక పెద్ద తుఫాను వచ్చిందంటే మొత్తం కూలి గులకరాళ్ల కుప్ప అవుతుంది. చేపల మీద పెద్ద దెబ్బ పడేది అప్పుడు. పగడం చావుకీ చేపల చావుకీ మధ్య ఉన్న ఈ ఎడమే మిమ్మల్నీ, అప్పట్లో నన్నూ పక్కదారి పట్టించింది.

సీషెల్స్ దీవుల్లో ఇది బాగా తేలింది. 1998లో అక్కడ బతికున్న పగడంలో 90 శాతం పైగా పోయింది. ఆ తర్వాత ఏళ్లలో చేపలను కొలిచి చూస్తే, పెద్ద చేపలు తగ్గలేదు సరికదా కొంత పెరిగాయి, కానీ ఒక అడుగులోపు చేపలు మాత్రం బాగా తగ్గాయి. అంటే పగడం బాగున్న రోజుల్లో పుట్టి పెరిగినవి ఇంకా తిరుగుతున్నాయి, వాటి వెనక రావాల్సిన తరం రావడం లేదు. పిల్లలు పుట్టని ఊరు పదేళ్లపాటు నిండుగానే కనిపిస్తుంది. వేటకు వెళ్లేవాళ్లకు కూడా వలలో ఏ తేడా తెలియదు, తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది.

అన్ని చేపలూ ఇంత నింపాదిగా దెబ్బతినవు. కొన్నింటి పరిస్థితి వెంటనే తలకిందులవుతుంది. కొమ్మల పగడం గుబురు పక్కన కదలకుండా ఓ రెండు నిమిషాలు ఉండి చూడండి. దాని పైన అరచేతిలో సగం కూడా లేని డామ్సెల్ చేపలు ఓ ముప్పై నలభై తేలుతూ, నీళ్లలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని ఏరుకు తింటుంటాయి. మీ చెయ్యి కాస్త ముందుకు జరపండి, అన్నీ ఒక్కసారిగా, ఎవరో దారం లాగినట్టు, కొమ్మల మధ్యకి మాయమైపోతాయి. చెయ్యి వెనక్కి తీస్తే ఒకటొకటిగా పైకి వస్తాయి. ప్రతి చేపకీ తనదైన సందు ఉంటుంది, పెద్దది లోపలికి, చిన్నది అంచుకి. గుబురు చచ్చి నాచు పట్టాక ఇదే పని చేసి చూస్తే తేడా తెలుస్తుంది. పరుగు మొదలవుతుంది కానీ అందరికీ చోటు ఉండదు, సందులు నాచుతో పూడుకుపోయి ఉంటాయి, అంచున మిగిలిపోయినదాన్ని ఏ గ్రూపరో ఒక్క గుక్కలో మింగేస్తుంది. వేడి వల్ల చచ్చిందని దాని గురించి ఎవరూ రాయరు, వేట చేప తినేసింది కాబట్టి. కానీ కారణం వేడే.

పగడాన్నే తిని బతికే చేపలైతే ఇంకా ఘోరం. బటర్‌ఫ్లై ఫిష్ అంటారే, పళ్లెంలా పల్చగా, పసుపు నలుపు చారలతో జంటగా తిరిగేవి, వాటిలో కొన్ని జాతులు బతికున్న పగడం తప్ప ఇంకేదీ ముట్టవు. ఇవి మామూలుగా మహా పోట్లాటగాళ్లు, తన జాగాలోకి వేరేది వస్తే తరిమి కొడతాయి. 2016 బ్లీచింగ్‌కి ముందూ తర్వాతా వీటి ప్రవర్తన గమనించినవాళ్లకు ఒక వింత కనిపించింది, పోట్లాటలు మూడింట రెండు వంతులు తగ్గిపోయాయి. శాంతం వచ్చిందనుకుంటే పొరపాటే, కొట్లాడటానికి కావాల్సిన శక్తి లేదు, కొట్లాడి దక్కించుకోవడానికి తిండీ లేదు. చేపలు తగ్గడం కన్నా ముందే ఇలాంటి సంకేతం వస్తుంది, అందుకే నాకు ఇది చాలా ముఖ్యంగా అనిపిస్తుంది.

అయితే పగడాన్ని తినే చేపలు మొత్తంలో చాలా తక్కువ శాతం కదా, మిగతావి నెట్టుకొస్తాయి కదా అని ఎవరైనా అనొచ్చు. దీనికి జవాబు పపువా న్యూ గినీలోని కింబే బే నుంచి వచ్చింది. అక్కడ ఎనిమిదేళ్లలో పగడాలు దారుణంగా తగ్గాయి, దాంతోపాటు 75 శాతం పైగా జాతుల్లో చేపల సంఖ్య పడిపోయింది, సగం జాతుల్లో అయితే అంతకుముందు ఉన్నవాటిలో సగం కన్నా కిందికి వచ్చేసింది. వేట నిషేధించిన చోట్ల కూడా ఇదే జరిగింది. పెద్దయ్యాక పగడంతో పని లేని చేపలు కూడా తగ్గాయి, ఎందుకంటే సముద్రం మధ్యలో కొట్టుకుతిరిగి వచ్చిన పిల్లచేప మొదట దిగేది బతికున్న పగడం మీదే. బడి మూతపడితే పెద్దవాళ్ల ఉద్యోగాలకు వెంటనే ఏమీ కాదు, కానీ తర్వాత వచ్చేవాళ్లు ఎవరు?

మరి మీకు ఎక్కువగా కనిపించిన చేపలు ఏవి? ఫోటో లేదు కాబట్టి ఊహించి చెబుతున్నాను, చాలావరకు చిలుక చేపలు, సర్జన్ ఫిష్‌లు అయి ఉంటాయి. చచ్చిన పగడం మీద మొలిచే పల్చటి నాచు, దానిలో దాగే సూక్ష్మజీవులు వీటికి విందు. బ్లీచింగ్ గట్టిగా తగిలిన కొన్ని చోట్ల చిలుక చేపలు 2 నుంచి 8 రెట్లు పెరిగినట్టు లెక్కలు వచ్చాయి, ఒళ్లు కూడా చేశాయి. నీళ్లలో చెవి పెడితే వాటి ముక్కులు రాయిని గీకే కరకర వినిపిస్తుంది. ఇది చెడ్డ వార్త కాదు, నాచుని అవి అదుపులో పెడితేనే కొత్త పగడం పిల్లలకు రాతిమీద ఖాళీ దొరుకుతుంది. వాటిని పట్టేస్తే ఏమవుతుందో జమైకా చూపించింది. అక్కడ నాచు తినే చేపల్ని ఏళ్ల తరబడి విపరీతంగా పట్టేశారు, 1980లో పెద్ద తుఫాను పగడాన్ని విరగ్గొట్టింది, 1983లో నాచు తినే సీ అర్చిన్లు ఏదో రోగంతో మూకుమ్మడిగా చచ్చాయి. 1977లో 52 శాతం ఉన్న పగడం 1993కి 3 శాతానికి వచ్చింది, 4 శాతం ఉన్న నాచు 92 శాతం అయింది. గమనించండి, అందులో సముద్రపు వేడి పాత్ర పెద్దగా లేదు. అందుకే ప్రతిదానికీ వాతావరణ మార్పు అని ఒకే మాట చెప్పేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు. దెబ్బలు ఒకదానిమీద ఒకటి పడతాయి, వేడి వాటిలో ఇప్పుడు అన్నిటికన్నా పెద్దది.

ఇల్లు సంగతి అలా ఉంచి, వేడి చేప ఒంటికి నేరుగా ఏం చేస్తుందో చూద్దాం. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీళ్లదే, మనలా ఎప్పుడూ ఒకేలా ఉంచుకోలేదు. నీళ్లు వేడెక్కితే ఒంట్లో పనులన్నీ వేగం అందుకుంటాయి, ఆక్సిజన్ ఎక్కువ కావాలి, తిండి ఎక్కువ కావాలి. కానీ వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. అంటే ఖర్చు పెరిగే సమయానికే రాబడి తగ్గుతుంది. 1960 నుంచి ఓ యాభై ఏళ్లలో మొత్తం సముద్రంలో కరిగి ఉన్న ఆక్సిజన్ దాదాపు 2 శాతం తగ్గిందని అంచనా. రెండు శాతమే కదా అనిపిస్తుంది, కానీ అది అన్నిచోట్లా సమానంగా తగ్గదు. పైగా ఉష్ణమండలపు చేపలకు ఇంకో ఇబ్బంది. ఏడాది పొడవునా పెద్ద తేడా లేని నీళ్లలో బతికినవి కాబట్టి అవి ఇప్పటికే తట్టుకోగల వేడికి అంచున ఉన్నాయి. చలికాలం ఐదు డిగ్రీలు, ఎండాకాలం ఇరవై డిగ్రీలు చూసే చల్లటి సముద్రపు చేపకు రెండు డిగ్రీలు లెక్కలోది కాదు, వీటికి లెక్కే.

దీన్ని చేపలు ఎలా తట్టుకుంటున్నాయో ఈమధ్య ఒక ఆశ్చర్యకరమైన ఉదాహరణ దొరికింది, అదీ కింబే బేలోనే. 2023లో నీళ్లు విపరీతంగా వేడెక్కిన నెలల్లో 134 క్లౌన్‌ఫిష్‌లను నెలనెలా పట్టి కొలిచి వదిలేశారు. నూటికి 75 దాకా ఒక్కసారైనా పొడవు తగ్గాయి. బరువు కాదు, పొడవు. ఎముకలున్న జంతువు పొట్టిదవడం అంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. అలా కుంచించుకుపోయినవాటికే బతికే అవకాశం ఎక్కువ కనిపించింది, జంటలో ఇద్దరూ కలిసి తగ్గినప్పుడు ఇంకా మేలు. ఎందుకంటే క్లౌన్‌ఫిష్ కాపురంలో పెద్దది ఎప్పుడూ ఆడదే, దాని కన్నా చిన్నది మగది, ఈ వరస చెడితే గొడవలు. ఇది చదివి "చూశారా, ప్రకృతి సర్దుకుంటుంది" అన్నవాళ్లున్నారు. సర్దుకోవడం నిజమే, కానీ ఖర్చు లేకుండా కాదు. చిన్న ఆడచేప పెట్టే గుడ్లు తక్కువ.

గుడ్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. పగడపు దిబ్బల మీది చేపల్లో చాలావాటి పిల్లలు పుట్టగానే సముద్రంలోకి కొట్టుకుపోయి కొన్ని వారాలు అక్కడే పెరిగి, తర్వాత ఏదో ఒక దిబ్బను వెతుక్కుంటూ వస్తాయి. వేడి నీళ్లలో అవి తొందరగా ఎదుగుతాయి, కాబట్టి ఎక్కువ దూరం వెళ్లకముందే దిగిపోతాయి. దెబ్బతిన్న దిబ్బకు దూరపు దిబ్బ నుంచి పిల్లలు వచ్చి చేరడమే ఆశ అనుకుంటే, ఆ దారి కూడా ఇరుకవుతోందన్నమాట.

ఇంతకీ ఆ పిల్ల ఇల్లు ఎలా వెతుక్కుంటుంది? వాసనతో, ముఖ్యంగా చప్పుడుతో. బాగున్న దిబ్బ చాలా గోలగా ఉంటుంది, చిటికెలేసే రొయ్యల చిటపటలు వేయించిన నూనెలా వినిపిస్తూనే ఉంటాయి, చేపల గురగురలు అదనం. పగడం చచ్చాక ఆ గోల తగ్గిపోతుంది. ఆస్ట్రేలియాలో లిజార్డ్ ఐలాండ్ దగ్గర ఒక ప్రయోగం చేశారు. చచ్చిన పగడంతో చిన్న చిన్న కుప్పలు పేర్చి, కొన్నిటి దగ్గర నీళ్లలో స్పీకర్లు పెట్టి బాగున్న దిబ్బ చప్పుడు 40 రోజులు వినిపించారు. చప్పుడున్న కుప్పలకు లేనివాటికన్నా రెట్టింపు చేపలు వచ్చాయి. చాలామంది దీన్ని పరిష్కారంగా పంచుకుంటారు. నాకు మాత్రం అది ఎంత పెద్ద సమస్యో చెప్పే ప్రయోగంలా అనిపిస్తుంది. స్పీకర్ చేపను పిలుస్తుంది, వచ్చినదానికి అన్నం పెట్టదు.

ఆమ్లత గురించి కూడా కొంతమంది అడుగుతుంటారు, దాన్నీ తేల్చేద్దాం. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతు పైచిలుకు సముద్రం పీల్చుకుంటుంది. దాంతో పైనీళ్ల పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లత పెరిగినట్టు) పరిశ్రమల కాలానికి ముందు దాదాపు 8.2 ఉన్నది ఇప్పుడు 8.1 దగ్గరకు వచ్చింది. సంఖ్య చిన్నదే, కానీ ఆ కొలబద్ద తీరు వేరు, ఆ తేడా అంటే ఆమ్లత దాదాపు 30 శాతం పెరిగినట్టు. నీళ్లు ఇప్పటికీ క్షారమే, యాసిడ్ అయిపోలేదు, ఆ భయం వద్దు. పగడం అస్థిపంజరం కట్టుకోవడానికి కావాల్సిన కార్బనేట్ దీనివల్ల తగ్గుతుంది, దీనిలో అనుమానం లేదు. చేపల మీద ప్రభావం విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. ఓ పదేళ్లపాటు, ఆమ్లత పెరిగితే పిల్లచేపలు వేట చేప వాసన వస్తే పారిపోకుండా దాని వైపే వెళ్తాయని చాలా సంచలనంగా రాశారు. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన అవే ప్రయోగాలు మళ్లీ చేస్తే అలాంటిదేమీ కనిపించలేదని తేల్చింది. నేనూ అంతకుముందు చాలా చోట్ల ఆ కథ చెప్పినవాడినే, ఇప్పుడు చెప్పడం మానేశాను. ఆమ్లత వల్ల చేపకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఇంటి గోడలు బలహీనపడటం వల్లే అని నా అభిప్రాయం.

ఇక తీరం. మీరు మడ అడవుల గురించి, గడ్డి గురించి అడిగారు. వీటిని దిబ్బతో విడదీసి చూడకూడదు, చేప విడదీసి చూడదు కాబట్టి. చాలా చేపలు చిన్నప్పుడు మడ చెట్ల వేర్ల మధ్య, కొంచెం ఎదిగాక గడ్డిలో, పెద్దయ్యాక దిబ్బ మీద ఉంటాయి. కరీబియన్‌లో కొలిచి చూస్తే దగ్గర్లో మంచి మడ అడవి ఉన్న దిబ్బల మీద జనం పట్టి అమ్ముకునే కొన్ని చేపల మొత్తం బరువు రెట్టింపు కన్నా ఎక్కువ ఉంది. అక్కడి రెయిన్‌బో చిలుక చేప అయితే మడ అడవులు కొట్టేసిన చోట్ల పూర్తిగా కనిపించకుండా పోయింది. అంటే దిబ్బ నిక్షేపంగా ఉన్నా, కిలోమీటర్ల దూరంలో బురదలో ఉన్న చెట్లు పోతే చాలు.

తిరుగు దిశలో కూడా అంతే. పగడపు దిబ్బ అలల శక్తిలో సగటున 97 శాతం దాకా అణిచేస్తుంది. ఆ దిబ్బ వెనక నీళ్లు నిలకడగా ఉంటేనే గడ్డి వేళ్లూనుకుంటుంది, మడ మొక్క నిలబడుతుంది. దిబ్బ అరిగి లోతయితే అల నేరుగా లోపలికి వస్తుంది, ఇసుక లేస్తుంది, నీళ్లు బురద అవుతాయి, గడ్డికి ఎండ అందదు. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు, అందుకే ఎవరి దృష్టికీ రాదు.

సముద్ర మట్టం పెరగడం వల్ల మడ అడవులు మునిగిపోతాయని అందరికీ తెలుసు. 2006 నుంచి 2018 దాకా అది సగటున ఏడాదికి దాదాపు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. మడ చెట్లు వేర్ల మధ్య ఒండ్రుని పట్టుకుంటూ తమ నేలను తామే ఎత్తుకుంటాయి, కానీ ఏడాదికి 6, 7 మిల్లీమీటర్లు దాటితే ఆ పందెంలో ఓడిపోతాయని పాత అవక్షేపాలు చెబుతున్నాయి. అప్పుడు వెనక్కి, నేల వైపుకి జరగాలి, జరగడానికి అక్కడ రోడ్డో గోడో ఉంటే ఇక దారి లేదు. అయితే మట్టం పడిపోయినా చస్తాయని మీకు తెలుసా? ఆస్ట్రేలియా ఉత్తరాన గల్ఫ్ ఆఫ్ కార్పెంటేరియాలో 2015 చివరలో, 2016 మొదట్లో వెయ్యి కిలోమీటర్ల పైగా తీరం పొడవునా 7 వేల హెక్టార్లకు మించి మడ అడవి నిలువునా ఎండిపోయింది. ఆ ఏడాది గట్టి ఎల్ నినో వల్ల అక్కడ సముద్ర మట్టం కొన్ని నెలలపాటు బాగా తగ్గింది, పోటు నీళ్లు వేర్లదాకా రాలేదు, పైన వేడి. నీళ్ల మధ్య పుట్టిన చెట్టు దాహంతో చచ్చిపోయింది.

గడ్డికి కూడా వేడి నేరుగానే తగులుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో 2010-11 వేసవిలో సముద్రం విపరీతంగా వేడెక్కిన తర్వాత గడ్డి మైదానాల్లో మూడో వంతు పైగా దెబ్బతిన్నాయి. అదే వేడి అదే తీరంలో ఇంకో పని చేసింది, నన్నడిగితే ఈ మొత్తం కథలో నాకు బాగా గుర్తుండేది ఇదే. అక్కడ చల్లటి నీళ్లలో కెల్ప్ అనే పెద్ద నాచు అడవులు ఉంటాయి, చెట్లంత కాకపోయినా నడుము ఎత్తు ఉంటాయి. వేడికి వంద కిలోమీటర్ల మేర ఆ అడవి చచ్చింది. తర్వాత నీళ్లు చల్లబడ్డాయి, అడవి తిరిగి రావాలి కదా, రాలేదు. ఎందుకంటే ఆ వేడి నీళ్లతోపాటు ఉష్ణమండలపు చేపలు, కుందేలు చేపలు, చిలుక చేపలు దక్షిణానికి వచ్చి స్థిరపడిపోయాయి, మొలక తల ఎత్తగానే కొరికేస్తున్నాయి. పైన జమైకాలో నాచు తినే చేప లేకపోవడం శాపమైంది, ఇక్కడ అది రావడమే శాపమైంది. పాత్ర అదే, చోటు మారింది. చేపలు ధ్రువాల వైపు జరుగుతున్నాయి కాబట్టి బతికిపోతాయిలే అనుకునేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇది, అవి వెళ్లిన చోట ఎవరో ఒకరి ఇల్లు ఉంటుంది.

దిబ్బలు కోలుకోవా అంటే, కోలుకుంటాయి. సీషెల్స్‌లోనే 21 దిబ్బల్ని గమనిస్తే 12 మళ్లీ పగడంతో నిండాయి, 9 నాచు దిబ్బలుగా మారిపోయాయి. ఎక్కువగా కోలుకున్నవి కొంచెం లోతుగా ఉన్నవి, ఎత్తుపల్లాలతో సందులు గొందులు ఎక్కువ ఉన్నవి. వేగంగా పెరిగే పగడాలకు కూడా ఓ పదేళ్లు గొడవ లేకుండా కావాలి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బల వరసలో 1998, 2002 తర్వాత పెద్ద బ్లీచింగ్ 2016లో వచ్చింది, ఆ తర్వాత 2017, 2020, 2022, 2024. లెక్క మీరే చూడండి, మధ్యలో ఊపిరి పీల్చుకునే టైమ్ ఏది? ప్రపంచం మొత్తం మీద నాలుగో బ్లీచింగ్ మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. మీ అనుమానానికి దగ్గరి విషయం ఇంకోటి, 2022లో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర, మధ్య భాగాల్లో పగడం 36 ఏళ్లలో ఎన్నడూ లేనంత ఉందని లెక్క వచ్చింది. చాలామంది చంకలు గుద్దుకున్నారు. అబద్ధం కాదు, కానీ ఆ పెరిగినదంతా ఎక్కువగా ఒకే రకం, తొందరగా పెరిగి తొందరగా చచ్చే కొమ్మల పగడం. 2024 వేడి తర్వాత 2025 లెక్కల్లో అది దబ్బున పడిపోయింది. మొత్తం సంఖ్య చూసి మోసపోవడం చేపల దగ్గరే కాదు.

పగడాలు నాటే కార్యక్రమాల గురించి నా మాట కూడా అడుగుతారేమో. చిన్న చోట పనికొస్తాయి, నేనూ కొన్నాళ్లు చేశాను. కానీ వేడి తగ్గకుండా నాటడమంటే కాలుతున్న ఇంట్లో కొత్త సామాను సర్దినట్టే. అదే డబ్బుతో మురుగు నీళ్లు ఆపడం, నాచు తినే చేపల్ని పట్టకుండా చూడటం, మడ అడవి వెనక ఖాళీ వదలడం నాకు ఎక్కువ ఫలితం ఇచ్చే పనులుగా కనిపిస్తాయి. అసలు వేడి సంగతికొస్తే, భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే 70 నుంచి 90 శాతం పగడపు దిబ్బలు పోతాయని, 2 డిగ్రీలయితే 99 శాతం పైనే అని వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2018లో చెప్పింది. ఆ అర డిగ్రీ తేడా ఎంత విలువైందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మీరు మళ్లీ అదే చోటికి వెళ్తే ఒకటి చేయండి. పెద్ద గుంపుల్ని వదిలేయండి. ఒకే పగడం గుబురు ఎంచుకుని, గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అదే కోణంలో ఫోటో తీయండి, దానిమీద మీ బొటనవేలు గోరంత చేపలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, కదలకుండా ఓ ఐదు నిమిషాలు ఉంటే బయటికి వస్తాయి. బటర్‌ఫ్లై ఫిష్ జంట కనిపిస్తే అది దేన్ని పొడుస్తోందో చూడండి, పగడాన్నా, ఉత్త రాయినా. ఆ కొమ్మలు ఇంకా నిలబడే ఉన్నాయా, విరిగి కింద పడ్డాయా అనేది రాసుకోండి. ఫోటోలు ఉంటే ఇక్కడే పెట్టండి, ఆ ఎక్కువ కనిపించిన చేపలు నేననుకున్నవో కాదో కూడా తేలిపోతుంది.